హైబ్రిడ్డా, ఎలక్ట్రిక్కా, ఫేస్‌లిఫ్ట్ వచ్చేదాకా ఆగాలా? వారంటీ అనుభవాలు చెప్పండి

రెండోగేర్:
అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్ల నుంచి ఒకటే పెట్రోలు బండి నడుపుతున్నాను, ఇక మార్చక తప్పదు. చూసి చూసి రెండింటి దగ్గర ఆగాను. ఒకటి కొత్త హైబ్రిడ్, రెండోది పూర్తి ఎలక్ట్రిక్. రెండూ రెండేసిసార్లు నడిపాను. ఎలక్ట్రిక్ పికప్‌కి మనసు పారేసుకున్నాను కానీ వైపర్ స్పీడు మార్చాలన్నా స్క్రీన్ మీద రెండుసార్లు నొక్కాలి, వానలో అదేం పద్ధతో నాకర్థం కాలేదు. హైబ్రిడ్‌లో అన్నింటికీ బటన్లున్నాయి, చూడకుండానే చేయి దానంతటదే వెళ్తుంది.

అసలు తికమక వారంటీ దగ్గర. హైబ్రిడ్ వాళ్లు మొత్తం బండికి 5 ఏళ్లంటున్నారు. ఎలక్ట్రిక్ వాళ్లు బండికి 3 ఏళ్లు, బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇంతలో ఆ ఎలక్ట్రిక్ బండికే వచ్చే ఏడాది పెద్ద బ్యాటరీతో ఫేస్‌లిఫ్ట్ (అదే మోడల్‌కి మార్పులు చేసిన కొత్త వెర్షన్) వస్తోందని ఎవరిని కదిపినా అదే మాట. బుక్ చేశాక మూడు నెలలకే కొత్తది దిగితే ఎలా ఉంటుందో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. బ్రోషర్లు నేనూ చదివాను, మీ సొంత బండితో మీకు ఎదురైనవి చెప్పండి.

గ్రీజుచేతులు:
తమ్ముడూ, ఏళ్ల లెక్క పక్కన పెట్టి ముందు దేనికి వారంటీ అన్నది చూడు. హ్యుందాయ్ 1998లో అమెరికాలో 10 ఏళ్లు లేదా లక్ష మైళ్లు అని ప్రకటించినప్పుడు అందరూ ముక్కున వేలేసుకున్నారు, ఎందుకంటే అప్పటికి ఆ బండ్లంటే జనానికి నమ్మకం తక్కువ. ఆ వారంటీ వాళ్ల పేరును నిలబెట్టిన మాట నిజం. కానీ ఆ పదేళ్లూ ఇంజను, గేర్‌బాక్సు లాంటి పవర్‌ట్రైన్ భాగాలకు మాత్రమే, అదీ మొదటి ఓనరుకే పూర్తిగా. ఏసీకీ, స్క్రీన్‌కీ అది వర్తించదు. చాలామంది ఆ పది అంకె దగ్గరే ఆగిపోయారు.

టయోటా యూరప్‌లో ఇస్తున్న పదేళ్ల వారంటీ ఇంకో రకం. కంపెనీ ఇచ్చే మామూలు వారంటీ అయిపోయాక, వాళ్ల అధీకృత సర్వీస్ సెంటర్లో సర్వీస్ చేయించిన ప్రతిసారీ తర్వాతి సర్వీస్ వరకు వారంటీ పొడిగిస్తారు. ఒక సర్వీస్ వేరేచోట చేయించావనుకో, మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లేదాకా ఆ రక్షణ ఉండదు. నాకైతే ఇది మంచి పద్ధతే, బండిని క్రమం తప్పకుండా చూపించేవాడికి లాభం. అయితే దీన్ని "పదేళ్ల వారంటీ" అని ఒక్క ముక్కలో చెప్తే కొనేవాడికి సగమే తెలుస్తుంది.

కాబట్టి రెండు కంపెనీలనూ వారంటీ బుక్‌లెట్ అడుగు. బ్రోషర్ కాదు, బుక్‌లెట్. అందులో "వర్తించనివి" అన్న పేజీ ముందు చదువు.

నాలుగుచక్రాలు:
గ్రీజుచేతులు అన్న చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను, కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

నా పాత బండి చిన్న టర్బో పెట్రోలు, డైరెక్ట్ ఇంజెక్షన్. రోజూ ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు వెళ్లడం, నాలుగు రావడం, అంతే. ఇంజను వేడెక్కేలోపే ఆపేసేవాణ్ని. ఏడాదిన్నర అయ్యాక ఒక ఆదివారం ఊరికే బోనెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగాను. గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉంది. సర్వీస్ అయినప్పుడు రెండు గీతల మధ్యలో ఉన్నట్టు నాకు బాగా గుర్తు. వాసన చూస్తే పెట్రోలు. రెండు వేళ్ల మధ్య రాస్తే జిగురే లేదు, నీళ్లలా జారిపోతోంది. మండని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తోంది, ఇంజను సరిగా వేడెక్కదు కాబట్టి ఆవిరైపోవడం లేదు. ఆయిల్ పెరిగితే మంచిదేగా అనుకునేవాళ్లున్నారు, అలా అనుకోకండి. పలచబడిన ఆయిల్ బేరింగుల్ని కాపాడలేదు.

సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే అడ్వైజర్ "ఈ మోడల్ బండ్లన్నీ ఇంతే సార్" అన్నాడు. నేను గొడవ పడలేదు. సరే, ఆ మాటే జాబ్‌కార్డులో రాయండి అన్నాను. కస్టమర్ కంప్లయింట్: ఆయిల్ లెవెల్ ఎక్కువ, పెట్రోలు వాసన. తేదీ, కిలోమీటర్లు, సంతకం. అలా మూడుసార్లు రాయించాను. వారంటీ అయిపోయిన ఎనిమిది నెలలకు ఇంజను లోపల టకటక శబ్దం మొదలైంది. అప్పటికి కంపెనీయే ఆ ఇంజనుకు వారంటీ పొడిగించింది కానీ పాత కంప్లయింట్ ఉన్నవాళ్లను ముందు చూస్తామన్నారు. ఆ మూడు కాగితాలు చూపించగానే నా పని అయిపోయింది. నాతోపాటే అదే బండి కొన్న ఫ్రెండ్ నోటితో చెప్పి వచ్చేవాడు, ఏదీ రాయించలేదు, వాడు ఐదు నెలలు తిరగాల్సి వచ్చింది.

నోటిమాట కంప్లయింట్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇది మాత్రం అందరికీ చెప్తాను.

పాతడీజిల్:
ఇంజను సంగతి వచ్చింది కాబట్టి ఒకటి అడగండి: ఇంజను వాల్వుల్ని సమయానికి తెరిచి మూసేలా తిప్పేది టైమింగ్ చెయినా, బెల్టా, బెల్టయితే ఆయిల్లో తిరిగేదా? ప్యూజో, సిట్రోయెన్ బండ్లు చేసే స్టెలాంటిస్ వాళ్ల పాత 1.2 ప్యూర్‌టెక్ ఇంజన్లలో బెల్టు ఆయిల్లోనే మునిగి తిరిగేది. అది చివికి పొట్టు రాలి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడటంతో చాలా ఇంజన్లు దెబ్బతిన్నాయి. 2024లో ఆ ఇంజన్లకు 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా రక్షణ ఇచ్చారు, కానీ సర్వీసులు షెడ్యూలు ప్రకారం చేయించిన రుజువు ఉండాలి. మళ్లీ కాగితాల దగ్గరికే వచ్చాం చూడండి.

ఇంకొకటి. కొత్త మోడల్ మొదటి ఏడాది బండి కొనడం నాకు ఎప్పుడూ భయమే. పేరున్న కంపెనీ అయినా సరే. టయోటా 2024లో టండ్రా, లెక్సస్ ఎల్‌ఎక్స్ మోడళ్లు కలిపి లక్షకు పైగా బండ్లు రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిపించింది, ఫ్యాక్టరీలో చెక్కినప్పటి లోహపు తుక్కు ఇంజన్లో ఉండిపోయినందుకు. ఇంజన్ల విషయంలో టయోటా కంటే మంచి పేరు ఎవరికుంది? అందుకే ఫేస్‌లిఫ్ట్ కోసం ఆగమని నేను చెప్పను. పెద్ద బ్యాటరీ అంటే అదీ కొత్త భాగమే, దాని మొదటి ఏడాది అప్పుడు మొదలవుతుంది.

రాత్రిహైవే:
పాతడీజిల్ గారూ, చివరి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఫేస్‌లిఫ్ట్ నాటికి పాత లోపాలు కొన్ని సర్దుకుంటాయి కదా. సాఫ్ట్‌వేర్, రంగులు, సీట్ల కుట్లు, ఇవన్నీ బాగుపడిన బండ్లు నేను నడిపాను.

పుకార్ల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఒక పుకారు నమ్మి ఏడాదిన్నర పాత బండితో నెట్టుకొచ్చినవాణ్ని. యాపిల్ కారు వస్తోందని పదేళ్లపాటు చదివాం, 2024 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టునే మూసేశారు. అది పుకారే అనుకుందాం. కంపెనీ తనే స్టేజీ ఎక్కి చెప్పినవి ఏమయ్యాయి? టెస్లా కొత్త రోడ్‌స్టర్‌ని 2017 నవంబరులో చూపించి 2020లో ఇస్తామన్నారు, ఆ ఏడాది వచ్చి వెళ్లిపోయింది, బండి మాత్రం రాలేదు. సైబర్‌ట్రక్ 2019లో చూపించారు, మొదటి తాళాలు చేతికిచ్చేసరికి 2023 నవంబరు. సాలిడ్ స్టేట్ బ్యాటరీ (లోపల ద్రవం బదులు ఘనపదార్థం వాడేది) 2020ల మొదట్లో వస్తుందని టయోటా 2017లోనే అంది, తర్వాత అది 2027-28కి జరిగింది. హోండా, నిస్సాన్ కలిసిపోవడానికి 2024 డిసెంబరులో ఒప్పందపత్రం మీద సంతకాలు కూడా చేశాయి, రెండు నెలలు తిరక్కుండానే 2025 ఫిబ్రవరిలో వద్దనుకున్నాయి. సంతకాలైనవే నిలవనప్పుడు ఎవరో విన్నామన్న మాటను పట్టుకుని మనం ఆగాలా?

నేను పట్టించుకునేవి రెండే. ఒకటి, గళ్ల స్టిక్కర్లు చుట్టిన బండి రోడ్డు మీద టెస్టుకు తిరుగుతూ కనబడటం. లైట్లు, అద్దాలు అసలువే బిగించి ఉంటే విడుదల దగ్గర్లో ఉన్నట్టు. రెండు, ప్రభుత్వ అనుమతుల కాగితాల్లో కొత్త బ్యాటరీ కెపాసిటీ కనబడటం. ఈ రెండూ లేకపోతే నేను లెక్కచేయను.

నిశ్శబ్దమోటారు:
ఎలక్ట్రిక్ నడిపేవాళ్లు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాలుగో ఏడు నడుస్తోంది, 92,000 కిలోమీటర్లు తిరిగాను.

బ్యాటరీ వారంటీలో రెండు వేర్వేరు సంగతులుంటాయి. చెడిపోవడం ఒకటి, కెపాసిటీ తగ్గడం ఇంకొకటి. మొదటి నిస్సాన్ లీఫ్ 2010 చివర్లో వచ్చినప్పుడు వారంటీ చెడిపోతేనే వర్తించేది, కెపాసిటీ తగ్గితే కాదు. దాని బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలింగ్ లేదు, ఎండలు మండే చోట్ల డాష్‌బోర్డులో కెపాసిటీ చూపే గీతలు గబగబా పడిపోయాయి, ఓనర్లు గట్టిగా అడిగాక 2013లో అమెరికాలో కెపాసిటీకి కూడా వారంటీ కలిపారు. ఇప్పుడు చాలా కంపెనీలు 70 శాతం అని రాస్తున్నాయి. అంటే 8 ఏళ్లలోపు 71 శాతానికి పడిపోయినా వాళ్ల లెక్కలో అది బాగున్నట్టే. ఆ శాతం ఎవరు కొలుస్తారు, ఎలా కొలుస్తారు అన్నది బుక్‌లెట్లో చూడండి. బ్యాటరీ మారిస్తే కొత్తదానికి వారంటీ ఎంత అన్నది కూడా. షెవర్లే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ బండి రీకాల్లో కొత్త బ్యాటరీకి దాని తయారీ కంపెనీ జీఎం మళ్లీ 8 ఏళ్లు ఇచ్చింది, కానీ మామూలుగా మారిన భాగానికి మిగిలిన కాలమే ఇస్తారు.

ఇక నన్ను రోడ్డున పడేసింది పెద్ద బ్యాటరీ కాదు. చిన్న 12 వోల్టుల బ్యాటరీ. పద్నాలుగో నెలలో ఒక తెల్లవారుజామున బయల్దేరబోతే తాళం నొక్కినా చప్పుడు లేదు, అద్దాలు విచ్చుకోలేదు, డోర్ హ్యాండిళ్లు బయటికి రాలేదు. రిమోట్ లోపల దాచిన చిన్న తాళంచెవి తీసి సెల్‌ఫోన్ లైటు వెలుతురులో హ్యాండిల్ కింద రంధ్రం వెతుక్కుని తీశాను. లోపల చిమ్మచీకటి, స్క్రీన్ నల్లగా ఉంది. రాత్రి ఆపినప్పుడు పెద్ద బ్యాటరీలో 74 శాతం ఉంది! అంత కరెంటున్నా దాన్ని మోటారుకు కలిపే స్విచ్చులు పడాలంటే ఆ చిన్న బ్యాటరీ కావాలి. మామూలుగా స్టార్ట్ చేయగానే సీటు కింద "టక్" మని వినిపించేది అదే, ఆరోజు ఎన్నిసార్లు నొక్కినా ఆ చప్పుడు రాలేదు.

తీసుకెళ్తే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి చార్జి పంపే యూనిట్ పోయిందని తేలింది. యూనిట్ వారంటీలో మార్చారు. చిన్న బ్యాటరీకి మాత్రం ఏడాదే కాబట్టి డబ్బు కట్టమన్నారు. మీ యూనిట్ చెడి నా బ్యాటరీ చచ్చింది, అది నేనెందుకు కట్టాలి అని కంపెనీకి రాతపూర్వకంగా పంపాను. తొమ్మిది రోజులకు ఒప్పుకున్నారు. నోటితో అడిగుంటే కట్టేసి వచ్చేవాణ్నే.

ఇంత జరిగినా మళ్లీ పెట్రోలుకి వెళ్లను. ఆ నిశ్శబ్దం అలవాటైతే వదలదు.

పాతడీజిల్:
కంపెనీ ఉంటేనే కదా వారంటీ. ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీ ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా తీసింది, దాని ఓషన్ బండి కొన్నవాళ్లే సంఘం పెట్టుకుని విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ సంగతి చూసుకోవాల్సి వచ్చింది. కొత్త కంపెనీ పదేళ్లు రాసిచ్చినా నేను వెనక్కి తగ్గుతాను.

నాలుగుచక్రాలు:
బయట మెకానిక్ దగ్గర సర్వీస్ చేయిస్తే వారంటీ పోతుందా అని కూడా ముందే తెలుసుకోండి. ఇది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ప్రకారం కంపెనీ తన దగ్గరే సర్వీస్ చేయించాలని షరతు పెట్టలేదు, ఆ సర్వీస్ ఉచితంగా ఇస్తే తప్ప. అయినా సరైన గ్రేడ్ ఆయిల్ వాడినట్టు బిల్లు మన దగ్గరుండాలి.

ఇంకోటి, రీకాల్ వేరు, వారంటీ వేరు. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో సంచిని ఉబ్బించే పేలుడు మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై పేలేది, వారంటీ ఎప్పుడో అయిపోయిన బండ్లకు కూడా ఉచితంగా మార్చారు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఛాసిస్ నంబరుతో పెండింగ్ రీకాల్స్ తప్పకుండా చూసుకోండి.

రెండోగేర్:
నాలుగు రోజులకు వచ్చాను, అందరికీ పేరుపేరునా థాంక్స్. మీరు చెప్పినట్టే రెండుచోట్లా బుక్‌లెట్ అడిగాను. హైబ్రిడ్ షోరూమ్‌లో "డెలివరీ రోజు బండితోపాటే ఇస్తాం సార్" అన్నారు. మూడుసార్లు అడిగినా అదే జవాబు. ఎలక్ట్రిక్ వాళ్లు ఆ సాయంత్రమే ఫోన్‌కి పంపించారు. నలభై పేజీలూ కూర్చుని చదివాను. కెపాసిటీకి 70 శాతం అని ఉంది, కొలిచేది వాళ్ల సర్వీస్ సెంటర్లోనే. కూలెంట్ తనిఖీ ఒక్కసారి తప్పినా బ్యాటరీ వారంటీ మీద ప్రభావం ఉంటుందని 23వ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, ఇది సేల్స్ అబ్బాయికి కూడా తెలియదు, నేను చూపిస్తే ఆశ్చర్యపోయాడు.

ఫేస్‌లిఫ్ట్ గురించి నిలదీసి అడిగితే తమకే సమాచారం లేదన్నాడు, మొహం చూస్తే నిజమే చెప్తున్నట్టుంది. నిన్న ఎలక్ట్రిక్ బుక్ చేశాను. వైపర్ల సంగతి ఇప్పటికీ మింగుడు పడలేదు, ఆటోమేటిక్‌లో పెట్టి అలవాటు చేసుకుంటాను.

రాత్రిహైవే:
శుభం! బటన్ల సంగతికి ఒక మాట. యూరప్‌లో బండ్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి వైపర్లు, ఇండికేటర్లు, హారన్ లాంటివాటికి స్క్రీన్ కాకుండా విడిగా మీటలు ఉంటేనే పూర్తి మార్కులిస్తామంది. కాబట్టి ఫేస్‌లిఫ్ట్‌లో నిజంగా ఏదైనా మారితే అది మారొచ్చు. ఇది నా ఊహ మాత్రమే, దీన్ని ఇంకో పుకారు చేయకండి.

గ్రీజుచేతులు:
మంచి పని చేశావు తమ్ముడూ. డెలివరీ పగటిపూటే తీసుకో. టైర్ల పక్కన చివర్లో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. నాలుగు టైర్లవీ దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూడు, చాలా పాతవైతే బండి యార్డులో ఎన్నాళ్లు నిలబడిందో అడుగు. వారంటీ మొదలయ్యే తేదీ నీ డెలివరీ తేదీయేనా, డెమో బండిగా ముందే మొదలైపోయిందా, అది కాగితం మీద చూసుకో. నిలబడిపోయిన బండయితే ఆ 12 వోల్టుల బ్యాటరీ కూడా కొలిపించు.

రెండోగేర్:
అన్నీ రాసుకున్నాను అన్నా. 12 వోల్టుల బ్యాటరీకి విడిగా ఎంత వారంటీ అన్నది బుక్‌లెట్లో ఎక్కడా దొరకలేదు. రేపు మెయిల్ పెట్టి అడుగుతాను, రాతపూర్వకంగానే. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.