సీరస్ రకం గర్భాశయ క్యాన్సర్‌లో హెర్2 టెస్ట్ తప్పనిసరా?

గోదారిగట్టు: మా పిన్నికి ఆపరేషన్ చేసి గర్భాశయం తీసేశారు. రిపోర్టులో సీరస్ కార్సినోమా, మూడో స్టేజ్, పీ53 అబ్‌నార్మల్ అని వచ్చింది. వచ్చే వారం కీమో, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. హెర్2 టెస్ట్ చేస్తారా అని అడిగితే అది రొమ్ము క్యాన్సర్‌కి కదమ్మా అన్నారు. నిజమేనా?

స్లైడ్‌బాక్స్: నిజం కాదండీ, నేను పాథాలజీలోనే పనిచేస్తాను. సీరస్ కేసుల్లో దాదాపు నాలుగో వంతులో హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ప్రోటీన్ కణం పైపొర మీద ఉండి పీఐ3కే, ఏకేటీ, ఎమ్‌టార్ దారిలో లోపలికి పెరగమని ఆదేశాలు పంపుతూనే ఉంటుంది, అసలే కణాల పెరుగుదలని అదుపులో పెట్టే పీ53 చెడిపోవడంతో ఆపేవాళ్లుండరు. 2018లో అమెరికాలో వచ్చిన ట్రయల్‌లో ఇదే కీమోకి హెర్2ని ఆపే ట్రాస్టుజుమాబ్ కలిపితే, జబ్బు ముదరకుండా ఉన్న కాలం 8 నెలల నుంచి 12.6 నెలలకి పెరిగింది.

కాకినాడ_ఆర్: ఈ దారుల బొమ్మలు మాకూ గీసి చూపించారు. 2015లో ఎమ్‌టార్‌ని ఆపే ఎవరోలిమస్‌ని లెట్రోజోల్ అనే హార్మోన్ మందుతో కలిపి ఇచ్చి చూశారు కదా, సీరస్ వాళ్లకి ఏం ఒరిగింది? ఏమీ లేదు. పైన హెర్2ని ఆపినా కింద పీఐకే3సీఏ అనే జీన్‌లో మ్యుటేషన్ ఉంటే ఆదేశాలు అక్కడి నుంచే మొదలవుతాయి. మా ఆవిడకి అన్ని టెస్టులూ చేయించాం, ఆ రిపోర్టుల వల్ల ఒక్క మందు కూడా మారలేదు.

వనజ77: హెర్2 స్టెయిన్‌కి, అంటే గడ్డ ముక్కకి రంగేసి చూసేదానికి, చాలా జీన్లు ఒకేసారి చూసే జీన్ ప్యానెల్ అంత ఖర్చవదు, రెండూ కలిపేయకండి.

స్లైడ్‌బాక్స్: ఎవరోలిమస్ సంగతి వేరు, హెర్2 సంగతి వేరు. ఇంకోటి, సీరస్‌లో ఈ రంగు కణం చుట్టూ పూర్తిగా పట్టదు, పక్కలకీ అడుగుకీ పట్టి పైఅంచు ఖాళీగా ఉంటుంది, ఇంగ్లిష్ యూ అక్షరంలా. రొమ్ము లెక్కతో చూస్తే పాజిటివ్ కేసు కూడా నెగెటివ్ అయిపోతుంది. నేను కళ్లారా చూశాను.

కాకినాడ_ఆర్: యూ ఆకారం సరే. అడిగినదానికి చెప్పండి. నాలుగున్నర నెలల కోసం మూడు వారాలకోసారి ఇంజెక్షన్‌కి ఒక కుటుంబం పొలం అమ్ముకోవాలా?

స్లైడ్‌బాక్స్: ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్లు, అంటే అదే పని చేసే పోలిక మందులు, మన దేశంలోనే తయారవుతున్నాయి, ధర మునుపటిలా లేదు.

గోదారిగట్టు: ఆర్ గారూ, అమ్మాలో వద్దో మీరెవరండీ చెప్పడానికి? మా పిన్ని టీచర్‌గా రిటైరైంది, తన పెన్షన్ తనది. వీళ్లు కొనలేరులే అని డాక్టర్ మనసులో అనుకుని టెస్ట్ రాయకపోతే అది న్యాయమా? చెప్పాక తను వద్దంటే అప్పుడు వద్దు.

కాకినాడ_ఆర్: మాకు చెప్పారమ్మా. రిపోర్టు పాజిటివే, త్రీ ప్లస్, అంటే రంగు బాగా గట్టిగా పట్టింది. జబ్బు తిరగబెట్టాక, హెర్2ని పట్టుకుని కీమోని కణంలోకి చేర్చే ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందు ఉందన్నారు, త్రీ ప్లస్ ఉంటే ఏ అవయవం క్యాన్సర్‌కైనా ఇవ్వొచ్చని 2024లో అమెరికాలో అనుమతి కూడా వచ్చిందన్నారు. ధర విని బయటికొచ్చేశాం. ఆటోలో తను ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికెళ్లగానే పాప పెళ్లికి దాచిన గొలుసు బీరువాలోంచి తీసి నా చేతిలో పెట్టి, మళ్లీ తనే లాక్కుని లోపల పెట్టేసింది. మందు లేదంటే ఏడ్చి ఊరుకునేవాళ్లం. ఉంది, మీకు కాదు అంటే ఎలా బతకాలి? తెలియకపోతేనే నయం అంటాను, ఎవరేమనుకున్నా సరే.

వనజ77: అన్నయ్యా, ఆ బాధ మీది. కానీ ఆ గొలుసు తీయాలో వద్దో వదినే తేల్చుకుంది కదా. తెలియకపోతే ఆ అవకాశం కూడా ఉండేది కాదు.

కాకినాడ_ఆర్: అది అవకాశమా?

స్లైడ్‌బాక్స్: గోదారిగట్టు గారూ, ఆపరేషన్ అయిన చోట పారఫిన్ బ్లాక్, అంటే మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క, అడిగి తీసుకోండి, అడిగితే మామూలుగా ఇస్తారు. ఫారం మీద గర్భాశయ సీరస్ అని స్పష్టంగా రాయించండి. టూ ప్లస్, అంటే ఎటూ తేలకుండా వస్తే, హెర్2 జీన్ కాపీలు లెక్కపెట్టే ఫిష్ టెస్ట్ కూడా కావాలి. ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టేముందు గుండెకి 2డీ ఎకో తీయించాలి.

గోదారిగట్టు: రేపే వెళ్తున్నాం. బ్లాక్ పిన్నే అడుగుతానంది.

కాకినాడ_ఆర్: వెళ్తే వెళ్లండి. పాజిటివ్ వస్తే మందులకి ఎంతవుతుందో, ఆరోగ్యశ్రీలో ఏం వస్తుందో ఏం రాదో ముందే కనుక్కుని, బ్లాక్ పంపించే రోజే ఆవిడకి చెప్పండి. రిపోర్టు చేతికొచ్చాక కాదు.