షహరీత్ చదువుతున్న మనిషిని పలకరిస్తే తిరిగి పలకాలా, వద్దా?

హైఫా_ఇందూరు

హైఫాలో కేర్‌గివర్‌గా చేస్తున్నా. నేను చూసుకునే పెద్దాయనకి షుగర్ ఉంది, వాకర్ లేకుండా నడవలేరు. ఇక్కడ అందరిలాగే నేనూ ఆయన్ని సబా అంటా, తాత అని. రోజూ పొద్దున వీధి చివర సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళి, షహరీత్ అంటే పొద్దుటి ప్రార్థన అయ్యేదాకా ఆయన వెనక బెంచీలో కూర్చుంటా.

మొన్న మాత్ర వేసుకున్నారో లేదో అనుమానం వచ్చి మధ్యలో అడిగా. కుడిచెయ్యి కళ్ళమీద పెట్టుకుని ఉన్నారు, పలకలేదు. చెయ్యి తీశాక మళ్ళీ అడిగితే "ను... ను..." అని గొంతులోనే మూలిగి, ఆగమన్నట్టు వేళ్ళతో సైగ చేశారు. పక్క సీటాయన నన్ను కొరకొరా చూశాడు. అదే మనిషి కాసేపటికి జేబులో ఫోన్ మోగితే తీసి ఎవరా అని చూసుకున్నాడు!

ఇంట్లో సబా నన్ను మనవడిలా చూస్తారు, అందుకే మనసుకి పట్టింది. పలకకూడదని నిజంగా రూలుందా, లేక పనివాణ్ణని పలకలేదా? రూలుంటే ఫోన్‌కి లేదా?

మిష్నా_పిచ్చి

పనివాడివని కాదు తమ్ముడూ, ఆ బెంగ వద్దు. రూలుంది. కాకపోతే ప్రార్థనలో ఎక్కడున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

చెయ్యి కళ్ళమీద ఉందంటే షెమా మొదటి వాక్యంలో ఉన్నారన్నమాట. దేవుడు ఒక్కడే అని చాటే పాఠం అది, "ఇశ్రాయేలూ వినుము" అని మొదలవుతుంది. నువ్వు సరిగ్గా ఆ క్షణమే చూసి అడిగావు. ఆ వాక్యంలోనూ, దాని వెంటనే మెల్లగా చెప్పుకునే వాక్యంలోనూ చంపేస్తాడన్న భయం ఉంటే తప్ప ఆపకూడదని షుల్హాన్ అరూఖ్ చెబుతుంది. సఫెద్‌లో ఉన్న యోసెఫ్ కారో రాసిన ధర్మశాస్త్రం అది, 1565లో వెనిస్‌లో అచ్చయింది. రూలు ఏమిటంటే ఇవాళ్టికీ ముందు అందులోనే వెతుకుతారు.

చెయ్యి తీశాక సంగతి వేరు. షెమాలో మూడు పేరాలుంటాయి, ముందూ వెనకా ఆశీర్వచనాలు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మాల సంకలనంలోనే దీని మీద రబ్బీ మెయిర్‌కీ రబ్బీ యెహూదాకీ పేచీ ఉంది. నెగ్గింది యెహూదా మాట. పేరా మధ్యలో ఉన్నప్పుడు, భయపడాల్సిన మనిషి కనిపిస్తే తానే ముందు పలకరించొచ్చు, గౌరవించాల్సిన మనిషి పలకరిస్తే బదులివ్వొచ్చు. ఒక పేరా ముగిసి ఇంకోటి మొదలుపెట్టబోయే సందులో ఉంటే గౌరవించాల్సిన మనిషిని తానే పలకరించొచ్చు, ఎవరు పలకరించినా బదులివ్వొచ్చు. ఎవరు పలకరించినా! రాజో రబ్బీయో అయి ఉండాలని అక్కడ లేదు. ఆ మాటలో నువ్వూ వస్తావు.

భయపడాల్సిన మనిషి ఎవరన్నది మళ్ళీ ఇంకో తగువు. చంపేస్తాడని భయపడే మనిషి అన్నారు పాత వ్యాఖ్యాత రాషీ. ప్రాణం మీదికొస్తే మాట్లాడొచ్చని వేరే చెప్పాలా, అది తండ్రీ, గురువూ అన్నారు ఆయన తర్వాతి పండితుడు రోష్. షుల్హాన్ అరూఖ్ రోష్ దారినే పట్టింది. నాకూ అదే సబబుగా ఉంది.

గీత_దాటొద్దు

పిచ్చి గారూ, మీరు చెప్పినవన్నీ పుస్తకంలో ఉన్నాయి, కాదనను. కానీ ఇవాళ ఏ సినగాగ్‌లోనైనా షెమా పేరాల సందులో "బోకెర్ తోవ్, బాగున్నారా" అనే మనిషిని చూశారా? చూడరు. ఎందుకో చెప్పకుండా సగం చెబితే ఈ తమ్ముడు రేపు మళ్ళీ అడిగి మళ్ళీ మాటపడతాడు.

13వ శతాబ్దపు స్పెయిన్‌లో రాసిన సేఫెర్ హహిన్నూఖ్ అనే ధర్మగ్రంథంలోనే ఉంది: ప్రార్థనలో ఉన్నవాడు బదులివ్వలేదని నొచ్చుకునేవాళ్ళు మన కాలంలో కనిపించడం లేదు, కాబట్టి ఆపకూడదని. హఫెత్స్ హయీమ్ అనే రబ్బీ 1884 నుంచి 1907 దాకా వెలువరించిన మిష్నా బెరూరా, అంటే షుల్హాన్ అరూఖ్ మీద వ్యాఖ్యానం, దాన్నే తీసుకుంది. అంటే పలకరింపు అనే తలుపు మూసేశారు. మిగిలినవి కద్దీష్, కెదుషా, బారెఖూ లాంటి, అందరూ కలిసి చేసే స్తుతులకి జవాబులు. అవి దేవుడి గౌరవానికి కాబట్టి షెమా మధ్యలో కూడా అనుమతి.

మూయడానికి కారణం కూడా ఉంది. నోటికి సందు ఇస్తే ఎక్కడ ఆగుతుంది? 1648లో ఉక్రెయిన్, పోలండ్ యూదుల ఊచకోత తర్వాత రబ్బీ యోమ్ తోవ్ లిప్‌మన్ హెల్లెర్, ప్రార్థనలో కబుర్లాడనివాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక దీవెన రాశారు. ఇప్పటికీ చాలాచోట్ల చదువుతారు. దీవెన పెట్టి నోరు మూయించాల్సి వచ్చిందంటే కబుర్లు ఏ రేంజ్‌లో ఉండేవో ఆలోచించండి.

ఫోన్ తీసి చూసుకున్న ఆయన చేసింది ముమ్మాటికీ తప్పే. మోగి పదిమందికీ ఇబ్బంది అవుతుంటే మాట్లాడకుండా నొక్కి ఆపెయ్యడానికి ఇప్పటి రబ్బీలు ఒప్పుకుంటారు. ఎవరు చేశారా అని చూడటానికి కాదు.

మిష్నా_పిచ్చి

హిన్నూఖ్ మాటని మీరే బాగా చెప్పారు. ఇప్పుడు దాన్ని ఇంకోసారి చదవండి. పలకరింపు నీచమని కాదు ఆపింది. ఎవరూ నొచ్చుకోవడం లేదు కాబట్టి. మరి నొచ్చుకునే మనిషి ఎదురుగా ఉంటే? ఈ తమ్ముడు నొచ్చుకున్నాడు. పనివాణ్ణని పలకలేదా అని అడుగుతున్నాడు. పుట్టినప్పటి నుంచీ సినగాగ్‌లో పెరిగినవాడికి మౌనం మామూలే, ఇందూరు నుంచి వచ్చినవాడికి అది చెంపదెబ్బ. కారణం లేనిచోట నిషేధం మాత్రం ఎలా నిలుస్తుంది?

అసలు మిష్నా కాలం వాళ్ళ ధైర్యం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. దేవుడు ఒక్కడే అని చెప్పుకునే పాఠం మధ్యలో, వచ్చిన మనిషి ముఖం చిన్నబోకూడదని రూలు రాశారు. దాన్ని అటకెక్కించి, జేబులో ఫోన్‌కి మాత్రం మినహాయింపులు వెతుక్కునే రోజులొచ్చాయి.

ఇంకోటి. "ను ను" అంటూ వేళ్ళతో సైగ చెయ్యడం పెద్ద నిష్ఠ అనుకుంటాం. షెమా చదివేవాడు కళ్ళు గీటకూడదు, పెదాలు కదిలించి సంజ్ఞలు చెయ్యకూడదు, వేళ్ళతో చూపించకూడదని, మిష్నా మీద చర్చలు కూర్చిన తల్మూద్‌లోనే ఉంది. షుల్హాన్ అరూఖ్ ఆ మాటని మొదటి పేరాకి వర్తింపజేసింది. కాబట్టి మీ సబా ఆ పేరాలోనే ఉండి ఉంటే, మాట్లాడకుండా ఉండటానికి చేసిన సైగే ఇంకో పేచీ!

గీత_దాటొద్దు

నొచ్చుకునే మనిషి ఎదురుగా ఉంటే అన్నారు. బాగుంది. ఎవడు నొచ్చుకుంటాడో, ఎవడు నొచ్చుకోడో షెమా చదువుతూ బేరీజు వేసుకోవాలా? అప్పుడిక షెమా ఎక్కడ చదివినట్టు? దానికంటే ప్రార్థన అయ్యాక సబా ఒక్కమాట చెబితే పోయేది: "అప్పుడు పలకకూడదురా నాయనా" అని. మనసూ కుదుటపడేది, గీతా నిలిచేది.

సైగ సంగతిలో మీతో వాదించను. ఆ "ను ను" నాకూ చిరాకే.

గుంటూరు_గుమ్మం

ఇదంతా మనకి సంబంధం లేని గోల అనుకునేవాళ్ళకి ఒకమాట. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది, వాళ్ళకో సినగాగ్ ఉంది. నేను అందులోవాణ్ణి కాదు, ఆ పక్క ఊళ్ళవాణ్ణి.

నా సందేహం వేరు. అమీదా అని నిలబడి చేసే ప్రార్థనలో కాలికి పాము చుట్టుకున్నా కదలకూడదట, రాజు పలకరించినా పలకకూడదట. నిజమేనా? ప్రాణం కంటే ప్రార్థన ఎక్కువా?

మిష్నా_పిచ్చి

ఉంది, మిష్నాలో బెరఖోత్ అనే భాగం ఐదో అధ్యాయం మొదట్లోనే. కానీ అక్కడితో ఆగిపోతే అన్యాయం. తల్మూద్ ఆ రెండు వాక్యాలనీ పట్టుకుని పీకి పాకం పెట్టింది.

రాజు అంటే యూదు రాజు మాత్రమే, వేరే రాజైతే ఆపాలి అన్నాడు తల్మూద్ పండితుడు రవ్ యోసెఫ్. యూదు రాజైతే అర్థం చేసుకుంటాడు, ఇంకొకడు తల తీయిస్తాడు. పాముకైతే ఆపకూడదు, తేలుకైతే ఆపాలి అన్నాడు రవ్ షేషెత్. పాము కాటేస్తుందనేం లేదు, తేలు మాత్రం కుట్టి తీరుతుందని లెక్క. తర్వాత షుల్హాన్ అరూఖ్ ఇంకా సడలించింది: పాము కాలినుంచి జారిపోయేలా పక్కకి జరగొచ్చు, మాట్లాడకూడదంతే. అది బుసకొట్టి కాటుకి సిద్ధంగా ఉంటే అప్పుడు ఆపెయ్యాలి. అంటే ప్రమాదం నిజంగా ఉందా, లేదా అన్నదే కొలత.

అక్కడే ఒక కథ ఉంది. భక్తుడొకడు దారి పక్కన నిలబడి అమీదా చేసుకుంటున్నాడు. అధికారి ఒకడు వచ్చి పలకరించాడు. పలకలేదు. అధికారి అయ్యేదాకా ఆగి, "ఒరే, ప్రాణాలు జాగ్రత్తగా కాపాడుకోమని మీ తోరాలోనే ఉంది కదా, నేను కత్తితో నీ తల నరికితే నన్ను అడిగేవాడెవడు?" అన్నాడు. భక్తుడు అన్నాడు: "మీరు మీ రాజు ముందు నిలబడి ఉండగా స్నేహితుడొచ్చి పలకరిస్తే బదులిచ్చేవారా?" ఇచ్చేవాణ్ణి కాదన్నాడు, వదిలేశాడు. కథ బాగుంటుంది కానీ, అంత సాహసం చెయ్యడానికి ఆయనకి హక్కేమిటని తర్వాతి పండితులు తలలు పట్టుకున్నారు. నాకైతే అందులో అధికారి అడిగిందే ధర్మంగా అనిపిస్తుంది.

ఎడిసన్_ఎన్నారై

మా టీమ్ లీడ్ యూదుడు, ఆఫీసుకి వచ్చే ముందు రోజూ సినగాగ్‌కి వెళ్ళొస్తాడు. ఒకసారి తోడుగా వెళ్ళా. ముందు నిలబడి నడిపించే హజ్జాన్ అప్పటిదాకా గట్టిగా చదువుతున్నవాడు, అమీదా మొదలయ్యే ముందు ఒక్కసారిగా గొంతు తగ్గించేశాడు. ఆఖరి మాటలు ఎవరికీ వినిపించలేదు. ఎందుకని అడిగితే "ఆమెన్ గొడవ" అని నవ్వేశాడు. ఆమెన్ అనడం కూడా అంతరాయమేనా?

గీత_దాటొద్దు

షహరీత్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన తగువు అడిగారు!

షెమా తర్వాత వచ్చే ఆశీర్వచనం "గాఅల్ యిస్రాయేల్" అని ముగుస్తుంది, ఇశ్రాయేలును విడిపించినవాడా అని. ఆ విడుదల మాటకీ అమీదాకీ మధ్య ఎడం ఉండకూడదు. ఈ రెంటినీ కలిపి చదివినవాడికి ఆ రోజంతా హాని రాదని తల్మూద్. మరి హజ్జాన్ ఆ ఆశీర్వచనం ముగించగానే జనం ఆమెన్ అనాలా? అది ఎడమే, అనొద్దు అంటారు కారో. అనాలి, ఆచారం అదే అంటారు క్రాకోలో ఉన్న మోషే ఇస్సెర్లెస్. ఆయన రాసిన చేర్పులు షుల్హాన్ అరూఖ్‌లోనే కలిపి అచ్చవుతాయి కాబట్టి, ఒకే పేజీలో అనకు, అను అని రెండూ కనిపిస్తాయి.

తప్పించుకునే దారి మిష్నా బెరూరా చూపిస్తుంది: హజ్జాన్‌తో పాటే నువ్వూ ముగించెయ్. నీ సొంత ఆశీర్వచనానికి నువ్వు ఆమెన్ అననక్కర్లేదు. చాలాచోట్ల హజ్జాన్లు ఇంకో అడుగు ముందుకేసి గొంతే తగ్గించేస్తారు, వినపడకపోతే తగువే లేదుగా.

మిష్నా_పిచ్చి

ఆ గుసగుస నాకు నచ్చదు. అందరికీ వినిపించాల్సిన వాక్యాన్ని మింగేసి సమస్య తీరిందనుకోవడం ఏమిటి? కలిసి ముగించడం మంచిది, నిజాయితీగా ఉంటుంది.

ఎడిసన్ గారూ, ఇందులో ఇంకో మెలిక. ఒకడు ఆలస్యంగా వచ్చి తన అమీదా ఇంకా చేసుకుంటున్నాడు, ఈలోగా హజ్జాన్ బయటికి చదివే అమీదాలో కెదుషా దగ్గరికి వచ్చాడు. అందరూ జవాబిస్తున్నారు. ఇతనేం చెయ్యాలి? నోరు మెదపకుండా ఆగి విను, విన్నా జవాబిచ్చినట్టే అన్నారు రాషీ. ఆయన సొంత మనవడు రబ్బేనూ తామ్ అడ్డుపడ్డాడు: వినడం జవాబుతో సమానమైతే, ఆగి వినడం కూడా మధ్యలో మాట్లాడటంతో సమానమే కదా! తర్కం మనవడిది, ఆచారం తాతది. షుల్హాన్ అరూఖ్ ఆగి వినమనే చెప్పింది.

హైఫా_ఇందూరు

అన్నలూ, మీ తగువులు బాగున్నాయి గానీ నాకు టెన్షన్ ఇంకోటి. ప్రార్థన మధ్యలో షుగర్ పడిపోయి చెమటలు పడితే? అప్పుడూ ఊరుకోవాలా?

గీత_దాటొద్దు

అస్సలు ఊరుకోవద్దు. ఇక్కడ నాకూ పిచ్చి గారికీ తేడా లేదు. షెమా మొదటి వాక్యమైనా, అమీదా అయినా, భుజం పట్టి కదిపి తినిపించు. ప్రాణానికి ప్రమాదం అని అనుమానం ఉన్నా చాలు. పక్కాయన కొరకొరా చూస్తే చూడనీ.

మామూలు ప్రశ్నలుంటే మాత్రం "బారూఖ్ షెఅమార్" అనే ఆశీర్వచనం మొదలవ్వకముందే అడిగెయ్. దానికంటే ముందు చదివేవి ఇంత బిగుతు కాదు. అక్కడి నుంచి అమీదా అయ్యేదాకా మాటలు వద్దు. సబాని అడిగి సిద్దూర్‌లో, అంటే ప్రార్థన పుస్తకంలో, ఆ పేజీ మడత పెట్టుకో, నీకూ తెలుస్తుంది.

గుంటూరు_గుమ్మం

అలా ఆపి తినిపించాక మళ్ళీ మొదటి నుంచా?

మిష్నా_పిచ్చి

అమీదాలో అయితే, ఆపిన సమయం మొత్తం అమీదా చదివేంత అయితే మొదటి నుంచి. అంతకంటే తక్కువైతే ఏ ఆశీర్వచనంలో ఆగారో దాని మొదటికి వెళ్తే చాలు. మొదటి మూడింటిలో ఆగితే ఎలాగూ మొదటికే, చివరి మూడింటిలో ఆగితే ఆ మూడింటి మొదటికి. సమయం ఎవరి వేగంతో లెక్కెయ్యాలన్నది మాత్రం నన్నడక్కండి, గీత గారు అప్పుడే టైప్ చేస్తున్నట్టున్నారు.