ఎంజీ 1/100 గండామ్: అమురో బొమ్మకు రంగేసినంక కాక్‌పిట్ అద్దం మూసుకుంటలేదు

పానగల్లు_78:
జపాన్ యానిమే సిరీస్ 'గండామ్'ల రోబో ఆర్‌ఎక్స్-78-2 ప్లాస్టిక్ కిట్టు, ఎంజీ (మాస్టర్ గ్రేడ్) రకం, వెర్షన్ 2.0. కోర్ ఫైటర్‌ల (రోబో నడుముల మడిచి పెట్టే చిన్న విమానం) కూసునే పైలట్ అమురో రే బొమ్మకు గ్రే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత), దాని మీద నీళ్లల్ల కలిసే అక్రిలిక్ తెలుపు మూడు పూతలు పడ్డయి. ఇప్పుడు బొమ్మ సీట్ల పూర్తిగ దిగుతలేదు, పైన అద్దం సందు ఇడుస్తున్నది. తెలుపు కూడా గరుకుగ, ఉండలు ఉండలుగ ఉన్నది. నల్లగొండల ఇప్పుడు మధ్యాహ్నం 43 డిగ్రీలు. మొఖం మొదలువెడితే కుంచె మొన మీదనే రంగు ఆరిపోతున్నది. మొదటి ఎపిసోడ్‌ల గండామ్ ఎక్కే సీను లెక్క పెట్టాలని ఉన్నది. ఏం చేయాలె?

పాలమూరు_రన్నర్:
అద్దం తప్పేం లేదన్నా, పూత మందమే కారణం. 1/100 స్కేల్‌ల 0.1 మి.మీ. పూత అంటే అసలు మనిషి మీద 1 సెం.మీ. మందం. అడుగున, ఈపున రెండు దిక్కులా అంత పేరుకుంటే బొమ్మ లేస్తది, హెల్మెట్ పోయి అద్దానికి తగుల్తది.

ఉన్న రంగు తీసెయ్యండి. మూత ఉన్న చిన్న సీసాల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి బొమ్మను గంట సేపు నానవెట్టి, మెత్తటి పాత పళ్ల బ్రష్షుతోని రుద్దితే అక్రిలిక్ ఊడొస్తది. గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం వద్దు, దాంట్ల అసిటోన్ ఉంటది, ప్లాస్టిక్కే కరుగుతది.

మళ్లా మొదలువెట్టే ముందు రంగు లేకుంటనే బొమ్మను సీట్ల పెట్టి అద్దం మూసి చూడండి. గేట్ ముక్క (భాగాన్ని ఫ్రేమ్ నుంచి కత్తిరించిన చోట మిగిలే మొన) ఉంటే అప్పుడే తెలుస్తది. దాన్ని 600, ఆ తర్వాత 1000 నంబరు గరుకు కాగితంతోని సాపు చెయ్యండి. సీటుకు ఆనే అడుగు భాగానికి, ఈపుకు రంగు అక్కర్లేదు, ఎవలకూ కనవడది. ఆ అడుగుల్నే 0.5 మి.మీ. రంధ్రం చేసి సూది గుచ్చితే పట్టుకునే పిడి అయితది. ప్రైమర్ ఒక్క పలుచటి పూత చాలు. తెలుపు పాల లెక్క కారేటంత పలుచగ రెండు పూతలు. మొదటి పూతకు కింది గ్రే కనవడ్తది, భయపడి మందంగ వెయ్యొద్దు. అందరు తప్పు చేసేది అక్కడ్నే.

దేవరకొండ_నిప్పర్:
ఉండలకు కారణం ఎండ. లోతు తక్కువ ఉన్న డబ్బాల తడి టిష్యూ రెండు మడతలు పరిచి, దాని మీద బేకింగ్ బటర్ పేపర్ వెయ్యండి. రంగు ఆ కాగితం మీద పెడితే కింది తడి తోని గంటల కొద్దీ ఆరకుంట ఉంటది. రంగుల కొంచెం రిటార్డర్ (రంగును నెమ్మదిగ ఆరనిచ్చే ద్రవం) కలపొచ్చు. ఎక్కువైతే రోజులు గడిచినా జిగట పోదు. ఫ్యాన్ బంద్ పెట్టుర్రి. పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది లోపల కూసుంటే సగం తిప్పలు పోతయి.

ఇంకో సంగతి, నీళ్లు. మన దిక్కు బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. రంగుల కలిపినా, డెకాల్స్ (నీళ్లల్ల నానవెట్టి అతికే గుర్తులు) నానవెట్టినా ఆరినంక తెల్ల మరక మిగుల్తది. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరు సీసా తెచ్చుకుంటే ఏడాది వస్తది.

కండ్లు గీయొద్దు. అసలు కన్ను 3 సెం.మీ. అనుకున్నా ఇక్కడ 0.3 మి.మీ. అయితది, గీస్తే బూచోని లెక్క కనవడ్తది. మొఖం చోట చర్మం రంగు ఒక పలుచటి పూత, అది ఆరినంక బాగ పలుచజేసిన గోధుమ రంగు ఒక్క చుక్క. గుంటలల్లకు అదే దిగి నీడ పడ్తది.

మిర్యాలగూడ_కోర్‌బ్లాక్:
సీను గురించి ఒక మాట. 1979 సిరీస్ మొదటి ఎపిసోడ్‌ల అమురో పైలట్ సూటుల ఉండడు. సైడ్ 7 అనే అంతరిక్ష కాలనీల జకూలు (శత్రువుల రోబోలు) దాడి చేస్తుంటే మామూలు బట్టలతోనే ఎక్కి, మాన్యువల్ చదువుకుంట నడిపిస్తడు. పదిహేనేండ్ల పిలగాడు. ఆ పాత్ర బలమంతా అక్కడ్నే ఉన్నది, సూటు లేదు, శిక్షణ లేదు. ఈ బొమ్మకు హెల్మెట్, సూటు ఉన్నయి గనుక ఇది తర్వాతి యుద్ధాల అమురో. అట్ల అనుకొని రంగేస్తేనే మంచిగుంటది.

అద్దాన్ని సూపర్ గ్లూతోని అతకవెట్టొద్దు, దాని ఆవిరి పట్టి అద్దం లోపల తెల్లగ మసకబారుతది. తెల్ల ఫెవికాల్ ఒక పుల్ల మొనంత చాలు, ఎక్కువైంది తడి గుడ్డతోని పోతది. మ్యాట్ టాప్‌కోట్ (మెరుపు తీసే ఆఖరి పూత) బొమ్మకు కొట్టినంకనే అద్దం పెట్టుర్రి. స్ప్రే 25 సెం.మీ. దూరం నుంచి, ఒక్కో తాపకు అర సెకండ్. మధ్యాహ్నం ఎండల కొడితే గాలిల్నే ఆరి పొడి లెక్క పడ్తది. వానాకాలం ముసురుల కొడితే తేమ పట్టి తెల్లవడ్తది.

రోబో భాగాల మీది గీతలల్ల ఎనామిల్ లైనర్ (గీతలు కనవడేటట్లు నింపే పలుచటి రంగు) పోసేటప్పుడు, రన్నర్ (భాగాలు అతికి వచ్చే ఫ్రేమ్) మీద ఏబీఎస్ (ఒక రకం ప్లాస్టిక్) అని అచ్చు ఉన్న భాగాలు జాగ్రత్త. బిగుతుగ ఉన్న కీళ్లల్లకు ఎనామిల్ థిన్నర్ దిగితే ఆ ఒత్తిడికి పటుక్కున పగుల్తయి. ఆ భాగాలను జోడించక ముందే గీతలు పోసి, పూర్తిగ ఆరినంక కలపండి. తెల్ల భాగాలకు నలుపు కాదు, గ్రే.

పానగల్లు_78:
కోర్ ఫైటర్‌ను మడిచి నడుముల పెట్టినంక అమురో కనవడ్తడా?

మిర్యాలగూడ_కోర్‌బ్లాక్:
కనవడడు. కోర్ ఫైటర్ బయట పెట్టి చూపిస్తేనే ఈ కష్టం అక్కరకొస్తది. మడిచే పెట్టేటట్లయితే తెలుపు, చర్మం రంగు వేసి ఆపెయ్యుర్రి. మడత పడే రెక్కల కీళ్లకు రంగు అసలే వద్దు, మొదటి తిప్పుడుకే గీరుకపోతది.