1923 ఫోర్డ్ మోడల్ టి: బ్యాటరీ మీద బాగుంది, మాగ్నెటోకి మార్చగానే ఆగిపోతోంది

నా దగ్గర 1923 మోడల్ టి టూరింగ్ కారుంది. 6 వోల్టుల బ్యాటరీ మీద వెంటనే స్టార్టవుతుంది, నిప్పురవ్వ పుట్టించే నాలుగు ఇగ్నిషన్ కాయిల్సూ జుయ్‌మంటాయి. స్విచ్ మాగ్నెటో (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే జనరేటర్) వైపు తిప్పగానే మొదలవుతుంది తంటా. ఐడిల్‌లో దగ్గి దగ్గి పది సెకన్లలో ఆగిపోతుంది. కుడిచేతి లివర్ కిందికి లాగి స్పీడు పెంచితే మాత్రం సాఫీగానే నడుస్తుంది. ఇంజన్ వేడెక్కినా, చల్లగా ఉన్నా ఇదే తంతు.

ముందు మాగ్నెటో కాంటాక్ట్ (దాని కరెంటు బయటికొచ్చే మొన) విప్పాను. దాని కింద ట్రాన్స్‌మిషన్ బ్యాండ్ల నూలు పీచు నల్లగా ఉండకట్టి ఉంది. ఇదే అసలు దొంగ అనుకుని సంబరపడ్డాను, తుడిచి బిగించినా తేడా లేదు. ఏ కాయిల్‌కు ఎప్పుడు కరెంటు వెళ్లాలో చూసే టైమర్ శుభ్రం చేశాను. కాయిల్స్ అటూఇటూ మార్చి చూశాను, మిస్‌ఫైర్ ఏ ఒక్క సిలిండర్‌నూ పట్టుకుని లేదు. కాంటాక్ట్ దగ్గర ఏసీ మీటర్ పెడితే ఐడిల్‌లో 4 వోల్టులే, స్పీడు పెంచితే 14 దాకా వెళ్తోంది.

మాగ్నెటోలో భాగమైన, ఫ్లైవీల్ మీది 16 అయస్కాంతాలు నీరసించాయేమోనని నా అనుమానం. కానీ క్రాంక్ పుల్లీని ముందుకూ వెనక్కీ నెడితే కాస్త కదులుతోంది, అంటే అయస్కాంతాలకూ వాటి ఎదురుగా కదలకుండా ఉండే మాగ్నెటో కాయిల్ రింగ్‌కూ మధ్య గ్యాప్ పెరిగి ఉండొచ్చు. మొదటిదైతే కారులో ఉండగానే బ్యాటరీలతో రీఛార్జ్ చేయొచ్చు, రెండోదైతే ఇంజన్ దించాల్సిందే.

ఇంజన్ దించకుండా, ఈ రెండింటిలో తప్పు దేనిదో తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా?