అల్జీరియాకు పంపిన గ్రానైట్: డొమిసిలియేషన్ లేదని బ్యాంకు అంటోంది, ఏం చేయాలి?

ఎగుమతిదారు, చీమకుర్తి (శుక్రవారం మధ్యాహ్నం)
అందరికీ నమస్కారం. ఉదయం నుంచి నాలుగు గంటలుగా ఇదే పని మీద కూర్చున్నాను, ఒక్క అడుగు ముందుకు పడలేదు. బెజాయా రేవుకు రెండు కంటైనర్ల బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పంపాను. పత్రాలన్నీ మా బ్యాంకు ద్వారానే వెళ్ళాయి కాబట్టి సొమ్ముకు బ్యాంకు గ్యారంటీ ఉందనే ధైర్యంతో ఉన్నాను. నిన్న రాత్రి అక్కడి బ్యాంకు నుంచి డొమిసిలియేషన్ సంఖ్య లేదని, చెల్లింపు కుదరదని సందేశం వచ్చింది. అది చిరునామా ధ్రువీకరణ అనుకుని మా కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం పంపాను, దానికి జవాబు లేదు. కొనుగోలుదారు ఫోన్ ఎత్తడం లేదు. ఇన్‌వాయిస్ మార్చి పంపితే సరిపోతుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

కస్టమ్స్ బ్రోకర్, చెన్నై
బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కినట్టు ఇచ్చే పత్రం) తేదీ చెప్పండి. ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) ఉందా, లేదా? బ్లాకులా, పాలిష్ శ్లాబులా? ఇవి తెలియకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, విజయవాడ
బాబూ, దిగుమతి ఒప్పందాన్ని ముందే అక్కడి బ్యాంకులో నమోదు చేయించాలనే ఈ డొమిసిలియేషన్ నిబంధన ఎందుకు పుట్టిందో తెలిస్తే మీ చిక్కు అర్థమవుతుంది. అల్జీరియా ఎగుమతి ఆదాయంలో తొంభై శాతానికి పైగా ఎన్నో ఏళ్లపాటు చమురు, సహజవాయువుల నుంచే వచ్చింది. 1971 ఫిబ్రవరి 24న ఫ్రెంచి చమురు కంపెనీల ఆస్తుల్లో మెజారిటీ వాటాను జాతీయం చేసిన నాటి నుంచి ఆ ఆదాయానికి ప్రభుత్వ సంస్థ సోనాట్రాక్ మూలస్తంభంగా నిలిచింది. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా ధర 2016 జనవరిలో ముప్పై డాలర్ల కిందికి దిగినప్పుడు, 2013 చివర సుమారు 19,400 కోట్ల డాలర్లుగా ఉన్న విదేశీ మారక నిల్వలు కరగడం మొదలైంది. చమురు ధరల మిగులును దాచుకున్న ప్రత్యేక నిధి కూడా 2017 నాటికి ఖాళీ అయింది. అలాంటి దేశం దిగుమతికి వెళ్ళే ప్రతి డాలరునూ ముందే లెక్క చూసుకుంటుంది. దినార్ విదేశాల్లో చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు కనుక, కొనుగోలుదారు దగ్గర డబ్బు ఎంత ఉన్నా బ్యాంకు అనుమతి లేకుండా అది దేశం దాటదు. సరుకు నాణ్యత చూసుకున్నంత శ్రద్ధగా ఆ దేశపు ఖజానా స్థితినీ చూసుకోవాలని నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి.

కస్టమ్స్ బ్రోకర్, చెన్నై
చరిత్ర తరువాత చూద్దాం సార్. తేదీ కావాలి.

ఇంజనీరు, ఒరాన్ (అల్జీరియా)
అన్నా, ఇక్కడ 2009 నుంచి వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఈ రోజు ఎన్ని గంటలు ప్రయత్నించినా బ్యాంకులో ఎవరూ పలకరు. ఆదివారం ఇక్కడ పనిదినమే కానీ, ఆ రోజు మీ బ్యాంకుకు సెలవు. రెండు వైపులా బ్యాంకులు పనిచేసేది సోమవారం నుంచి గురువారం వరకే. ఉత్తరం ఫ్రెంచిలో రాస్తే త్వరగా కదులుతుందని నా అనుభవం.

ఎగుమతిదారు, చీమకుర్తి
పాలిష్ శ్లాబులే. మా దగ్గర ఉన్నది పాలిష్ యూనిట్ కాబట్టి వేరే చెప్పనవసరం లేదనుకున్నాను, క్షమించండి. ఎల్‌సీ లేదు, డీపీ పద్ధతిలో పంపాను. బిల్ ఆఫ్ లేడింగ్ 19 రోజుల క్రితంది, ‘టు ఆర్డర్’ పేరుతో, అంటే సరుకు అందుకునేవారి పేరు రాయకుండా ఉంది. ఒరిజినల్స్ మూడూ అక్కడి బ్యాంకులోనే ఉన్నాయి. డొమిసిలియేషన్ గురించి కొనుగోలుదారు మాట్లాడనే లేదు.

విశ్రాంత బ్యాంకు అధికారి, విశాఖపట్నం
ముందుగా ఒక మాట సరిచేయాలి. డీపీ అంటే కలెక్షన్ మాత్రమే, గ్యారంటీ కాదు. అందులో బ్యాంకు పత్రాలను చేరవేసి, సొమ్ము ముట్టాకే కొనుగోలుదారుకు ఇస్తుంది; సొమ్ము రాకపోతే దాని బాధ్యత ఏమీ లేదు. ఎల్‌సీలో అయితే పత్రాలు సరిగ్గా ఉంటే బ్యాంకే చెల్లించి తీరాలి. అల్జీరియాలో 2009 అనుబంధ బడ్జెట్ చట్టం దిగుమతులకు ఎల్‌సీ ఒక్కటే మార్గమని చెప్పింది, 2014 బడ్జెట్ చట్టం కలెక్షన్‌నూ అనుమతించింది. కనుక మీరు ఎంచుకున్న పద్ధతిలో తప్పు లేదు.

తప్పు జరిగింది డొమిసిలియేషన్ దగ్గర. అంటే, దిగుమతిదారు తన బ్యాంకులో ఆ ఒప్పందం మీద ఫైలు తెరిపించి, ఇన్‌వాయిస్ మీద సంఖ్య వేయించుకోవడం. ఆ దేశపు కేంద్ర బ్యాంకు 2007 ఫిబ్రవరి 3 నాటి 07-01 నిబంధన ప్రకారం, సొమ్ము బయటికి పంపడానికీ సరుకు విడిపించడానికీ ఇది ముందే జరగాలి. 2017 తరువాత సరుకు ఓడ ఎక్కకముందే జరగాలన్నారు. ఓడ ఎక్కి 19 రోజులైన సరుకుకు ఇన్‌వాయిస్ తేదీ మార్చి పంపడం సరికాదు, దయచేసి ఆ దారి పట్టకండి.

సోమవారం పొద్దున్నే మీ బ్యాంకు చేత అక్కడి బ్యాంకుకు స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య నడిచే) సందేశం పంపించి, పత్రాలను ఎవరికీ ఇవ్వవద్దని, మూడు ఒరిజినల్స్ తిప్పి పంపమని కోరండి. కంటైనర్లు ఇంకా మధ్యధరా రేవుల్లో వేరే ఓడలోకి మారవలసి ఉంటే, అక్కడే గమ్యం మార్చమని షిప్పింగ్ లైన్‌ను అడగవచ్చు. దానికి ఒరిజినల్స్ పూర్తి సెట్ చూపాలి. బెజాయాలో దిగాక వెనక్కి తేవడం చాలా కష్టం, రోజురోజుకీ డెమరేజ్ (ఆలస్య రుసుము) పెరుగుతుంది. ఈసీజీసీ (ఎగుమతి చెల్లింపుల బీమా) పాలసీ ఉంటే ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి.

కస్టమ్స్ బ్రోకర్, చెన్నై
పాలిష్ శ్లాబులంటే కస్టమ్స్ కోడ్ 6802. మామూలుగా కోసిన బ్లాకులు 2516. అక్కడ 2019 నుంచి ఎంపిక చేసిన వస్తువుల మీద 30 నుంచి 200 శాతం దాకా అదనపు కస్టమ్స్ సుంకం ఉంది. మీ కోడ్ ఆ జాబితాలో ఉందా అని కొనుగోలుదారును అడిగారా?

విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, విజయవాడ
అది మామూలు కస్టమ్స్ సుంకం కాదు, తాత్కాలిక అదనపు రక్షణ సుంకం. మామూలు సుంకం వేరుగా ఉంటుంది, దాని మీద 19 శాతం టీవీఏ (అక్కడి వ్యాట్). 2018లో 851 రకాల వస్తువుల దిగుమతిని నిలిపివేసి, ఏడాది తరువాత ఆ నిషేధం స్థానంలో దీన్ని తెచ్చారు. పేరు ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది.

కస్టమ్స్ బ్రోకర్, చెన్నై
పేరు ఏదైనా కొనుగోలుదారు కట్టేది ఒకే కౌంటర్లో. అతను ఫోన్ ఎత్తకపోవడానికి కారణం అదే కావచ్చు.

ఎగుమతిదారు, చీమకుర్తి (సోమవారం సాయంత్రం)
కంటైనర్లు ఇంకా మధ్యధరా దీవి మాల్టాలో ఉన్నాయి. స్విఫ్ట్ వెళ్ళింది, పత్రాల కోసం ఎదురుచూస్తున్నాను. ధన్యవాదాలు.

గ్రానైట్ యజమాని, కరీంనగర్
ఒరాన్ తమ్ముడూ, బ్లాకులుగా 2516 కింద పంపితే ఆ అదనపు సుంకం పడదా? మాకూ అక్కడి నుంచి ఒక ఆర్డర్ వచ్చింది.