‘త్రీ ఫేసెస్ ఆఫ్ ఈవ్’ ముగింపు అసలు మనిషికి అన్యాయం చేసిందా?

పాతరీలు:
ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు బయటపడే జబ్బు మీద 1957లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఇది. దీని పేరెత్తితే అందరూ జోయాన్ వుడ్‌వర్డ్ నటన దగ్గరే ఆగిపోతారు. ఆవిడకు ఆస్కార్ రావడం ముమ్మాటికీ న్యాయమే. డాక్టర్ గదిలో మాట పెగలక తల వంచుకున్న ఈవ్ వైట్, తలెత్తేసరికి ఆమెలోనే ఉన్న రెండో మనిషి ఈవ్ బ్లాక్! మేకప్ మారలేదు. చూపు, కూర్చునే తీరు, మాట సాగదీయడం, అంతే. నా గొడవల్లా ముగింపుతోనే. చనిపోయిన అవ్వకు తల్లి బలవంతంగా ముద్దు పెట్టించిన చిన్ననాటి జ్ఞాపకం బయటపడుతుంది. దాంతో ఈవ్‌లిద్దరూ మాయమై మూడో వ్యక్తిత్వం జేన్ మిగులుతుంది. కొత్త భర్త, కూతురు, కారు ప్రయాణం, శుభం కార్డు. ఈ కథకు ఆధారమైన అసలు మనిషి క్రిస్ కాస్ట్నర్ సైజ్‌మోర్‌కి జబ్బు అలా తగ్గలేదు. ఆ తర్వాతా ఏళ్ళ తరబడి కొత్త వ్యక్తిత్వాలు వస్తూనే ఉన్నాయి. మొత్తం ఇరవైకి పైనే అని ఆవిడే చెప్పారు.

గోదారిగట్టు:
తప్పంతా సినిమా మీద తోసేయకండి సార్. కథ ఇచ్చింది థిగ్‌పెన్, క్లెక్లీ. జార్జియా రాష్ట్రం అగస్టాలో ఆమెను చూసిన డాక్టర్లే వాళ్ళు. పేషెంటు కుదుటపడిందని వాళ్ళే రాస్తే దర్శకుడు నన్నలీ జాన్సన్ ఏం చేస్తాడు? పైగా ఆ కాలంలోనే దెయ్యం, పూనకం అనకుండా జబ్బుని జబ్బుగా చూపించాడు. మనం 2005లో ‘చంద్రముఖి’కి ఈలలు వేశాం. అందులో సైకియాట్రిస్టే హీరో, అయినా క్లైమాక్స్‌కి మంత్రగాడు కావాల్సి వచ్చాడు.

వార్డుసిస్టర్:
నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని. “ఒక్కసారి హిప్నటైజ్ చేసి ఆ పాత విషయం బయటికి లాగేస్తే సరిపోతుంది కదా మేడమ్?” అని ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు. ఆ నమ్మకం ఇలాంటి సినిమాలు పెట్టిందే. మల్టిపుల్ పర్సనాలిటీ అన్న పేరే 1994లో డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌గా మారింది. దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. వైద్యం ఏళ్ళు పడుతుంది. ముందు పేషెంటుకి భయం తగ్గాలి, నిద్ర కుదరాలి. గతాన్ని తవ్వడం ఆ తర్వాతి మాట. తొందరపడి తవ్వితే మనిషి ఇంకా చెదిరిపోతుంది.

పాతరీలు:
సిస్టర్ గారూ, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. గోదారిగట్టు గారూ, డాక్టర్ల బాధ్యత నేనూ కాదనను. కానీ సినిమా మొదట్లోనే జర్నలిస్టు అలిస్టెయిర్ కుక్ తెర మీదికొచ్చి ఇది నిజంగా జరిగిన కథ అని చెప్తాడు. అంత గట్టిగా చెప్పినప్పుడు ముగింపూ నిజంగానే ఉండాలి కదండీ? తన జీవిత కథ మీద హక్కు కోసం సైజ్‌మోర్ 1980ల చివర్లో ఈ సినిమా తీసిన ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. సినిమాకి ముందు కథ హక్కుల కోసం ఆవిడతో పెట్టించుకున్న సంతకం అన్నేళ్ళూ వెంటాడింది. “ఈమెకు వైద్యం ఇంకా సాగుతోంది” అని చివర్లో ఒక్క ముక్క వేసి ఉంటే వుడ్‌వర్డ్ నటనకు తగ్గేదేమిటి?