బుడమేరు నీళ్లు చూసిన స్థలంలో ఉమ్మడి ఇల్లు: అమ్మానాన్నల గది కింద పెట్టాలా, పైన పెట్టాలా?

ప్రశ్న: సింగ్‌నగర్ పెద్దబ్బాయి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అజిత్ సింగ్‌నగర్. నాన్నగారు ఎప్పుడో కొన్న 167 గజాల స్థలంలో పాత డాబా ఇల్లు ఉంది. 30×50 అడుగులు, తూర్పు రోడ్డు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇంట్లో ఛాతీ లోతు నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత గోడల చెమ్మ పోలేదు, వైరింగ్ పైపుల్లో బురద చేరింది. పడగొట్టి కొత్తగా కట్టాలని అందరం అనుకున్నాం.

ఉండేది: నాన్నగారు (74, రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది), అమ్మ, నేను, మా ఆవిడ, పదో తరగతి పాప, ఐదో తరగతి బాబు. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చేస్తున్నాడు. అమెరికా క్లయింట్ల పని కాబట్టి రాత్రిళ్లు మేలుకుంటాడు. వాడి భార్యకు ఉద్యోగం ఇక్కడే దొరికింది. వాళ్లకు రెండేళ్ల పిల్ల.

కాంట్రాక్టరు ఇచ్చిన ప్లానులో కింద హాలు, వంటిల్లు, పెద్దవాళ్ల గది, పైన మిగతా అందరివీ. పెద్దవాళ్లు మెట్లెక్కలేరు కాబట్టి కింద గది అంటాడు. కానీ మళ్లీ నీళ్లొస్తే ముందు మునిగేది వాళ్ల మంచమే కదా! ఆ రోజు నాన్నగారిని నలుగురం కుర్చీలో కూర్చోబెట్టి ఎదురింటి మేడ మీదికి మోసుకెళ్లాం. పైన పెడదామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. ఇంకో టెన్షన్ వంటిల్లు. తమ్ముడి భార్య పైన చిన్న కిచెన్ అడిగింది. అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇలాంటి ఇంట్లో ఉంటున్నవాళ్లు చెప్పండి.

జవాబు: ఊర్మిళానగర్ వాసి

స్టిల్టు వేసి (కింద పిల్లర్లే ఉంచి, ఇల్లు పైనుంచి మొదలుపెట్టి) లిఫ్టు పెట్టేయండి బ్రదర్. సింగ్‌నగర్‌లో కింద కాపురం వద్దు. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

జవాబు: పాయకాపురం కోడలు

అన్నయ్యా, నేను ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తాను. మా ఇంట్లోనూ మామయ్యగారు, అత్తయ్యగారు, మరిది కుటుంబం, మేము కలిసే ఉంటాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలుస్తుంది. వరదను ఊరి మీదికి రానివ్వకుండా వెలగలేరు దగ్గర డైవర్షన్ ఛానెల్ లోంచి కృష్ణలోకి మళ్లిస్తారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు దిగవు. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇటు ఛానెల్ కట్టకు గండ్లు పడ్డాయి. 2005లోనూ బుడమేరు మన పేటల్ని ముంచింది. గట్లు బాగు చేసినా, మీ ఇంటికి ముప్పు ఇంకా ఉందనుకుని ప్లాను గీయించండి. ఊర్మిళానగర్ ఆయన చెప్పినట్టు స్టిల్టే సరైనది. కింద కారు, బండ్లు, ఒక సిమెంటు అరుగు, కడుక్కునే కుళాయి, అంతే. మంచం, ఫ్రిజ్, బీరువా ఏవీ కింద వద్దు.

పడగొట్టే ముందు ఒక పని చేయండి. గోడ మీద ఆ నీటి మరక ఇంకా ఉంటుంది. మేస్త్రీ చేత వాటర్ లెవెల్ పైపు పట్టించి ఆ మట్టాన్ని పక్కింటి ప్రహరీకో, కదలని ఇంకో దానికో బదిలీ చేసి పెయింటుతో గీత కొట్టించండి. ఇల్లు పోయాక ఆ ఆనవాలు దొరకదు. మీటరు బోర్డు, మోటారు స్టార్టరు, ఇన్వర్టరు అన్నీ ఆ గీతకు పైనే ఉండాలి. సంపు మూత బోల్టులతో బిగించేది పెట్టండి. డ్రైనేజీ బయటికి పోయే పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. లేకపోతే వీధిలోని మురుగు వెనక్కి తన్ని మీ ఇంట్లోకే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మానాన్నల గది మొదటి అంతస్తులో పెట్టండి. వంటిల్లు, భోజనాల బల్ల, పూజ గది, హాలు కూడా అదే అంతస్తులో ఉండాలి. అంటే ఇల్లు వాళ్ల దగ్గర ఉంటుంది, మిగతావాళ్లు అక్కడికి వస్తారు. చాలా ప్లాన్లలో పెద్దవాళ్లకు ఒక గది, ఒక టీవీ ఇచ్చి, సందడంతా ఇంకో అంతస్తులో పెడతారు. ఇలాంటివి గీయమన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అన్నం తినడానికి పిలిస్తేనే మనుషులు కనపడే ఇంట్లో వాళ్లకు ఎంత సౌకర్యం ఉన్నా ఏం లాభం?

మీ గది కూడా ఆ అంతస్తులోనే ఉండాలి అన్నయ్యా. అర్ధరాత్రి నాన్నగారు పిలిస్తే వినపడాలి. పిల్లలకూ తమ్ముడికీ రెండో అంతస్తు ఇవ్వండి. తమ్ముడు రాత్రంతా పని చేస్తాడన్నారు కదా, వాడి ఆఫీసు గది అమ్మానాన్నల పడకగది మీద పడకూడదు. చక్రాల కుర్చీ అటూ ఇటూ జరిగితే స్లాబు కింద ప్రతి కదలికా వినిపిస్తుంది. దాన్ని వంటింటి మీదికి తీసుకెళ్లండి, రాత్రి అక్కడ ఎవరూ ఉండరు. అలాగే మీ అమ్మగారు తెల్లవారుజామున లేచి మిక్సీ వేస్తే అప్పుడే పడుకున్న తమ్ముడికి నిద్ర పట్టదు. అందుకని వాడి పడకగదిని పడమటి వైపుకు జరపండి. ఎండాకాలం సాయంత్రం ఆ గోడ కాలుతుంది కాబట్టి బయట నీడకు సజ్జా వెడల్పుగా పోయించండి. ఇలా ఇంట్లో ఎవరు ఎప్పుడు నిద్రపోతారో ఒక కాగితం మీద రాసుకుని ప్లాను ముందు కూర్చోండి. గదుల కొలతల కంటే ఇదే ఎక్కువ గొడవలు ఆపుతుంది.

లిఫ్టు గురించి. వీల్‌చైరూ, తోడుగా ఒక మనిషీ పట్టాలంటే లోపల 1100 మి.మీ. వెడల్పు, 1400 మి.మీ. లోతు, తలుపు కనీసం 800 మి.మీ. ఉండాలి. ఇప్పుడు డబ్బు సరిపోకపోతే లిఫ్టు తర్వాత కొనుక్కోవచ్చు, కానీ గుంత, షాఫ్టు ఇప్పుడే కట్టించాలి. కంట్రోలరు, అంటే లిఫ్టును నడిపే కరెంటు పెట్టె, పై అంతస్తులో ఉండే రకం తీసుకోండి. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) రకానికి పవర్ యూనిట్ సాధారణంగా కిందే పెడతారు, మన దగ్గర అది నప్పదు. గుంతలో నీళ్లు చేరితే లిఫ్టు కిందికి దిగకుండా ఆపే ఫ్లోట్ స్విచ్ అడగండి. కరెంటు పోతే బ్యాటరీ మీద దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీసే ఏర్పాటు కూడా ఉండాలి. నైరుతిలో గొయ్యి వద్దని సిద్ధాంతి అంటారు కాబట్టి దక్షిణం గోడ మధ్యలో మెట్లూ లిఫ్టూ పక్కపక్కన పెడితే అందరూ ఒప్పుకుంటారు.

లిఫ్టు ఉన్నా మెట్లు మర్యాదగా ఉండాలి. బెజవాడలో స్థలం కలిసొస్తుందని ఎనిమిది అంగుళాల ఎత్తు మెట్లు కట్టేస్తారు. మీరు ఆరు అంగుళాల ఎత్తు, పదకొండు అంగుళాల వెడల్పు పట్టుబట్టండి. రెండు వైపులా పట్టుకునే కడ్డీ, మధ్య మలుపులో కూర్చోవడానికి చిన్న దిమ్మ ఉండాలి. నున్నగా పాలిష్ చేసిన గ్రానైట్ వద్దు.

ఇక వంటిల్లు. రెండో అంతస్తులో చిన్న కిచెన్ కట్టించండి. ఒక స్టవ్, సింకు, చిన్న ఫ్రిజ్ చాలు. మా ఇంట్లోనూ దీని మీద పెద్ద చర్చే జరిగింది. అత్తయ్యగారికి అది వేరు కాపురానికి మొదటి మెట్టులా అనిపించింది. ఇప్పుడు కార్తీకమాసంలో ఆవిడ ఉల్లి, వెల్లుల్లి ముట్టరు, కింద పొయ్యి మీద ఇంకేమీ వండం. పిల్లలకు గుడ్డు కావాలంటే పైన వేసుకుంటారు. ఆవిడకు నిష్ఠ దక్కింది, పిల్లలకు తిండి దక్కింది. మీ తమ్ముడు రాత్రి రెండింటికి టీ పెట్టుకోవాలి, పసిపిల్లకు పాలు కాయాలి. దానికోసం కింద ఇల్లంతా లేపాలా? అమ్మగారితో ఈ మాటే చెప్పండి. చెప్పేది తమ్ముడి భార్య కాకుండా మీరై ఉండాలి. పెద్ద కొడుకు నోటి నుంచి వస్తే ఆవిడ వింటారు.

జవాబు: స్ట్రక్చర్ మాస్టారు

చెల్లెమ్మ బాగా చెప్పింది. ఒక్కటి కలుపుతాను. స్టిల్టు అంటే కింద గోడలు లేకుండా పిల్లర్ల మీదే భవనం నిలబడటం. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో ఇలాంటి భవనాలు కింది అంతస్తు విరిగి కూలిపోయాయి. విజయవాడ మూడో భూకంప జోన్‌గా లెక్కలో ఉన్న ఊరు. పక్క సైటులో వేసిన పిల్లర్ సైజే మనకూ సరిపోతుందని మేస్త్రీ అంటే వినొద్దు. మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజనీరుతో లెక్క కట్టించండి. పిల్లర్ పైనా కిందా, బీము కలిసే చోట, నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు దగ్గర దగ్గరగా పడాలి. రింగు కొక్కేన్ని 135 డిగ్రీలు లోపలికి మడవాలి. బార్ బెండర్లు తొందరలో 90 దగ్గర ఆపేస్తారు. కాంక్రీటు పోయక ముందు మీరే వెళ్లి చూసి ఫోటో తీసుకోండి.

సింగ్‌నగర్ పెద్దబ్బాయి:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు రాసింది మా ఆవిడ రెండు సార్లు చదివింది. నాన్నగారికి చదివి వినిపించాను. "లిఫ్టు సరే, పైన కూర్చుని నేనేం చూడాలి?" అన్నారు. ఆయన రోజంతా గేటు దగ్గరే ఉంటారు. కూరగాయల బండి, పాలబ్బాయి, మసీదు వైపు వెళ్లే స్నేహితుడు, అందరితో మాటలు. దాన్ని తీసేస్తే ఆయనకు రోజు గడవదు. పైగా వాస్తు ప్రకారం పెద్దవాళ్ల గది నైరుతిలో అంటే వెనక్కి పోతుంది, రోడ్డేమో తూర్పున.

పాయకాపురం కోడలు:

ఆయన అడిగింది న్యాయమైన మాట. దీన్ని పక్కన పెట్టొద్దు, ప్లాను దీని చుట్టూనే తిరగాలి.

పడుకునే గది నైరుతిలోనే ఉండనివ్వండి. పగలు ఆయన ఉండే చోటు తూర్పున, రోడ్డు మీదికి తెరుచుకునే వరండా. కనీసం ఆరు అడుగుల లోతు ఉంటే పడక కుర్చీ వేసుకున్నా పక్కనుంచి మనిషి నడవచ్చు. పడకగది నుంచి హాలు మీదుగా వరండా వరకు ఎక్కడా గడపగానీ దిగుడుగానీ ఉండకూడదు. ప్రధాన ద్వారానికి గడప ఉంటుంది, దానికి పసుపు కుంకుమ పెట్టుకుంటారు, అది వేరు.

ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. వరండాకు మూడడుగుల పిట్టగోడ కట్టేస్తే కుర్చీలో కూర్చున్న మనిషికి ఎదురింటి మేడ కనపడుతుంది, వీధి కనపడదు. అందుకని అడుగు ఎత్తు గోడ కట్టి, పైన నిలువు ఊచల గ్రిల్ పెట్టించండి. అడ్డ ఊచలైతే రెండేళ్ల పాప ఎక్కేస్తుంది. ఊచల మధ్య సందు నాలుగు అంగుళాలు మించకూడదు. ఇప్పుడు ఆయన కూర్చున్న చోటు నుంచే కూరగాయల బండిని చూడగలరు, పాలబ్బాయిని పిలవగలరు. తాడుకు బుట్ట కట్టి దించితే కొత్తిమీర కట్ట పైకి వస్తుంది. మా వీధిలో మేడల మీద ఉండే పెద్దవాళ్లు చాలామంది అలాగే కొంటారు. 2024లో పడవల్లో వచ్చినవాళ్లు పాల ప్యాకెట్లు, మంచినీళ్లు మాకు అందించింది కూడా ఆ తాళ్లతోనే.

స్టిల్టులో అరుగు అన్నాను కదా, దాన్ని గేటు పక్కనే పద్దెనిమిది అంగుళాల ఎత్తులో, వీపు ఆనుకునేలా కట్టించండి. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు అంతకంటే కిందికి కూర్చుంటే లేవలేరు. పొద్దున, సాయంత్రం లిఫ్టులో దిగి అక్కడ కూర్చుంటారు. కాలింగ్ బెల్ ఒకటి అక్కడా పెట్టండి.

జవాబు: భవానీపురం తాతయ్య

బాబూ, నేను మీ నాన్నగారి ఈడువాణ్ని. కొడుకుల దగ్గరే ఉంటాను. గది ఎంత పెద్దదని మాకు పట్టింపు లేదు. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే మనిషి తలుపుకు అడ్డంగా ఉంటాడు, లోపలికి తెరిచే తలుపైతే తీయడం ఎవరి తరం కాదు. ఇది మా ఇంట్లో జరిగింది, తలుపు పగలగొట్టాల్సి వచ్చింది.

ఇంకోటి, డబ్బు సంగతి. స్థలం నాన్నగారిది, కట్టడానికి అన్నదమ్ములిద్దరూ పెడతారు. ఎవరు ఎంత పెట్టారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. నేను నా ఇల్లు పిల్లలకు గిఫ్టు డీడ్ రాసినప్పుడు, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు అందులోనే రాయించాను. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. అలాంటి షరతు ఉండి, చూసుకోకపోతే ఆ గిఫ్టును రద్దు చేయమని పెద్దవాళ్లు ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. నా పిల్లల మీద అనుమానంతో కాదు, వాళ్లే దగ్గరుండి రాయించారు. ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతిగా ఉంది.

పాయకాపురం కోడలు:

తాతయ్యగారూ, బాత్రూమ్ తలుపు మాట చాలా అవసరమైనది. అన్నయ్యా, దానికి మూడడుగుల తలుపు పెట్టండి, లోపలి నేల గది నేలతో సమానంగా ఉండి వాలు మాత్రం మూలకు వెళ్లాలి. పట్టుకునే కడ్డీలు వచ్చే చోట తేలిక బ్లాకులు వాడొద్దు, ఇటుక గోడో కాంక్రీటో ఉండాలి. టైల్స్ అతికించే ముందు నాన్నగారిని తీసుకెళ్లి కమోడ్ వచ్చే చోట కుర్చీ వేసి కూర్చోబెట్టండి. లేచేటప్పుడు ఆయన చెయ్యి గోడ మీద ఎక్కడ పడుతుందో అక్కడే గుర్తు పెట్టి కడ్డీ బిగించమనండి.

సింగ్‌నగర్ పెద్దబ్బాయి:

వరండా గ్రిల్ మాట చెప్పగానే నాన్నగారు "ఎంత లోతు?" అని అడిగారు. అంటే సగం ఒప్పుకున్నట్టే. వంటిల్లు గురించి ఆదివారం అమ్మతో నేనే మాట్లాడతాను. కొత్త ప్లాను గీయించాక ఇక్కడే పెడతాను, మాస్టారూ, పిల్లర్ల డ్రాయింగు కూడా చూసి చెప్పండి.